ముచ్చటపడి ఇచ్చేది

చొక్కాల ఫ్యాక్టరీలో పదకొండింటికి పెద్దక్క నూట ఎనభయ్యో కాలర్ కుడుతుండగా, సూపర్‌వైజర్ ఆరుగురు కొత్త అమ్మాయిల్ని వెంటబెట్టుకొచ్చాడు.

"పెద్దక్కా, ఇన్సెంటివ్ అంటే ఏంటో వీళ్ళకి నువ్వే చెప్పు. నేను చెబితే చెవికెక్కట్లేదు."

పెద్దక్క పాదం ఆగిపోయింది. పక్క మిషన్ ఖాళీగా ఉంది. రెండు నెలల కిందటిదాకా అక్కడ ఆమె తోడికోడలు కూర్చునేది. అంత రొదలోనూ ఒక్కోసారి ఆ మిషన్ చప్పుడు విడిగా వినిపిస్తుంది. తల తిప్పితే, దానిమీద కప్పిన ప్లాస్టిక్ కవరు తప్ప ఏమీ ఉండదు.

చేరిన రోజు తోడికోడలూ ఇదే అడిగింది.

"మన పని చూసి ముచ్చటపడి ఇచ్చేదే పిచ్చిదానా! రోజుకి ఐదొందల కాలర్లు దాటితే నెలకి జీతంలో పదోవంతు పైన పడుతుంది" అంది అప్పుడు పెద్దక్క. అంతటితో ఊరుకుందా? కిటుకు కూడా నేర్పింది. "పొద్దున్నుంచి నీళ్ళు ముట్టకు. బాత్రూముకి లేచావంటే పది కాలర్లు పోయినట్టే."

తోడికోడలు ఆ మాట మూడేళ్ళు పొల్లుపోకుండా విన్నది. ఒంట్లో మంటగా ఉందంటూనే "ఎండలకి లే అక్కా" అని నవ్వేసేది. కిడ్నీలు రెండూ పాడయ్యాక, ఆస్పత్రి మంచం మీద కూడా ఆమె వేళ్ళు దుప్పటి అంచు మడిచి ముందుకు తోస్తూనే ఉన్నాయి. "ఎన్నయ్యాయక్కా?" అన్నదే ఆఖరి మాట.

"చెప్పక్కా, టైమవుతోంది" అన్నాడు సూపర్‌వైజర్.

పెద్దక్క కొత్త అమ్మాయిల వైపు తిరిగింది.

"బతకడానికి సరిపడా జీతమిస్తే ఆ మాటతో పనే లేదమ్మా. చాలకుండా ఇచ్చి, తక్కువైంది మన ఒంట్లోంచే పిండుకోమని చెప్పడానికి పెట్టిన పేరది. నా తోడికోడలికి నేను తప్పు చెప్పాను. ఆ పిల్ల పోయింది."

సూపర్‌వైజర్ మొహం మాడిపోయింది. "ఏం మాటలవి? ఈ నెల నీ ఇన్సెంటివ్ కట్!"

"కట్ చేసుకో బాబూ."

కొత్తవాళ్ళలో బక్కపల్చటి అమ్మాయి మెల్లగా అంది. "అక్కా, నేను బాత్రూముకి వెళ్ళొచ్చా? పొద్దున్నుంచీ ఆపుకున్నాను."

"అడిగేదేంటే, పద. నేనూ వస్తా."

పెద్దక్క మిషన్ స్విచ్ ఆపి లేచింది. పన్నెండేళ్ళలో భోజనం గంట కొట్టకముందే లేవడం ఇదే మొదలు. మోకాళ్ళు పట్టేస్తే ఆ అమ్మాయి భుజం ఆసరా చేసుకుంది.

ఆరుగురిలో నలుగురు ఆమె వెంట నడిచారు. మిగిలిన ఇద్దరూ ఒకసారి సూపర్‌వైజర్ వంక, ఒకసారి వెళ్తున్నవాళ్ళ వంక చూస్తూ అక్కడే నిలబడిపోయారు.