అచ్చం నకిలీదే కావాలి

చిక్కంతా షియెన్ పెయిలిన్ నవ్వడం వల్ల వచ్చింది. జిల్లా రోడ్ల శాఖలో సెక్షన్ అధికారి ఆయన. కొత్త వంతెన ప్రారంభం రోజున, ఫొటోగ్రాఫర్ అడిగాడని, రిబ్బన్ కత్తిరించే కత్తెర పైకెత్తి మరీ నవ్వాడు. చొక్కా చెయ్యి వెనక్కి జారి వాచీ బయటపడింది. సాయంత్రానికల్లా ఎవడో పనిలేనివాడు ఆ ఫొటోలో మణికట్టు చుట్టూ ఎర్రగీత గీసి, 'ఈయన మూడేళ్ళ జీతం ఈ చేతికి వేలాడుతోంది' అని ఇంటర్నెట్‌లో పెట్టాడు.

అధికారుల లంచాల లెక్కలు తీసే క్రమశిక్షణ సంఘం వాళ్ళు మర్యాదగానే ఫోన్ చేశారు. రేపు మధ్యాహ్నం మూడింటికి రండి, ఆ వాచీ కూడా తీసుకురండి అన్నారు. రిటైర్మెంటుకింకా పద్నాలుగు నెలలుంది. పెన్షన్ ఒక్కటే పోతే అదృష్టమే అనుకోవాలి. పోయినేడు ఇలాగే మర్యాదగా పిలిచిన కాలవల అధికారి ఇంకా ఇంటికి రాలేదు.

రాత్రంతా ఆలోచిస్తే పెయిలిన్‌కు దారి దొరికింది. ఆ వాచీ నకిలీదని చెప్పాలి. చెప్పాలంటే చూపించడానికి ఓ నకిలీది ఉండాలి. తెల్లవారగానే మొదటి రైలెక్కి, నకిలీ సరుకుకు పేరుబడ్డ గ్వాంగ్‌జౌలో దిగాడు.

స్టేషన్ వెనక బజార్లో ఓ బెల్టుల కొట్టు. "ఏం కావాలి అందగాడా?" అంది కొట్టు యజమానురాలు మాయ్. ఆ ఊళ్ళో ఎనభై ఏళ్ళ ముసలాడినైనా అలాగే పిలుస్తారు. పెయిలిన్ మాత్రం జుట్టు సవరించుకున్నాడు. వాచీ మాట ఎత్తగానే ఆవిడ వెనక మెట్ల మీదుగా పైగదికి తీసుకెళ్ళి టీ పోసింది.

ఆయన రుమాలు విప్పి తన వాచీ బల్ల మీద పెట్టాడు. "దీనికి అచ్చం నకలు కావాలి. అద్దం పక్కనున్న ఈ గీత కూడా పడాలి, ఫొటోలో కనబడుతోంది."

"అసలుదానికి ఏమాత్రం తీసిపోకుండానా?"

"తీసిపోవాలి. చూసినవాడికి నకిలీ అని తెలిసిపోవాలి."

మాయ్ కొరుకుతున్న పుచ్చగింజ నోట్లోనే ఆగిపోయింది. "ఇరవై రెండేళ్ళ నుంచి ఈ కొట్లో కూచున్నా. ఇలా అడిగినవాడివి నువ్వొక్కడివే నాయనా."

కంటికి భూతద్దం పెట్టుకుని వాచీ వెనకమూత విప్పింది. లోపలికి చూసింది. ఓసారి ఆయన మొహం చూసి, మళ్ళీ లోపలికి చూసింది.

"నీకు కొనే పని లేదు. ఇది మాదే."

"ఏది మీది?"

"ఈ వాచీ. మూత లోపల నీలంచుక్క కనపడిందా? ఏడాదిపాటు ఉచితంగా బాగుచేస్తాం కదా, పక్కకొట్టువాళ్ళ సరుకు మా నెత్తిన రుద్దకుండా పెట్టుకునే గుర్తది. మూడేళ్ళ కిందటి సరుకు. బొద్దుగా ఉంటాడు, బంగారప్పన్ను, ఒకాయనొచ్చి ఆరు పట్టుకెళ్ళాడు. టోకున కొంటున్నా తగ్గించమని చంపుకు తిన్నాడు."

బొద్దు, బంగారప్పన్ను. వంతెన కట్టి, తనకీ వాచీ కానుకిచ్చిన కాంట్రాక్టరు హువోకు కాక ఇంకెవరికుంటాయి? పెయిలిన్ వాచీని తన దగ్గరికి లాక్కున్నాడు. "ఆరేనా?"

"పెద్దాయనకి మాత్రం అసలుదే హాంకాంగ్‌లో కొంటానన్నాడులే. ఇవి కిందివాళ్ళకట."

ఇక్కడ పెయిలిన్ ఎగిరి గంతెయ్యాలి. వాచీ నిజంగానే నకిలీది, అబద్ధమాడే అవసరం కూడా లేదు. మూడింటికి వెళ్ళి బల్ల మీద పెడితే ఆ సంఘంవాళ్ళే క్షమాపణ చెప్పి పంపేవారు. రొట్టె విరిగి నేతిలో పడ్డట్టే. కానీ మనిషికి ప్రాణం కంటే పరువు తీపి. మూడేళ్ళు! పండగలకి తప్ప తీయకుండా పట్టుగుడ్డలో దాచాడు. నకిలీ వాచీలు పెట్టుకునే గుమాస్తాలను చూసి ముసిముసిగా నవ్వాడు. ఆ వంతెనకు సంతకం పెట్టింది తను, అసలు వాచీ శాఖ డైరెక్టరుకా? తను కిందివాడా? అవమానంతో ఆయనకు కళ్ళు చెమర్చాయి.

"పోనీ ఓ బెల్టయినా తీసుకో," అంటున్న మాయ్‌ను వినిపించుకోకుండా, వాచీ మళ్ళీ రుమాల్లో చుట్టుకుని మెట్లు దిగాడు.

ఫోన్లో టైపు చేసే ఓపిక ఆయనకు ఎన్నడూ లేదు. బొత్తాం నొక్కిపట్టి మాటలే రికార్డు చేసి పంపుతాడు. బజారు మధ్యన నిలబడి హువోకు పంపాడు. "ఏరా హువో, స్తంభాలు పల్చగా ఉన్నా కళ్ళు మూసుకుని సంతకం పెట్టానే, నాకిచ్చేది బజారు సరుకా? డైరెక్టరుకి అసలుది, నాకు నకిలీదా? మిగతా అయిదుగురికీ కూడా ఇదే టోపీ పెట్టావా?" అని సరిగ్గా అరవై సెకన్లు. కడుపు చల్లబడలేదు, రెండోది పంపాడు. పంపినదాన్ని రెండు నిమిషాల్లోపు వెనక్కి తీసుకునే వీలుంది. ఆ రెండు నిమిషాలూ ఆయన మూడోది చెప్పడంలో మునిగిపోయాడు.

చెప్పాల్సింది చెప్పేశాక గుండె తేలికపడింది. ఓ గిన్నెడు నూడుల్స్ తెప్పించుకుని హాయిగా తిన్నాడు. చేతిలో నకిలీది సిద్ధంగా ఉంది, ఇక భయమేముంది? తిరుగు రైలుకోసం చూస్తుండగా హువో ఫోన్ నుంచి జవాబొచ్చింది. మాటలు కాదు, అక్షరాలు.

"షియెన్ గారూ, హువో ఫోన్ పొద్దుటి నుంచి మా సంఘం దగ్గరే ఉంది. మీ మూడు సందేశాలూ అందరం విన్నాం. మూడింటికి తప్పకుండా రండి. వాచీ నకిలీదని మీరే చెప్పారు కనుక, పరీక్షించే నిపుణుణ్ణి రావద్దన్నాం."