దొరబాబు టార్చి

జాక్సన్ ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిచేస్తాడు. ఆదివారాలు చర్చి నుంచి వచ్చాక, గోపాలపట్నంలోని ఇంట్లో టార్చిలైట్లు కడతాడు. రాగి కడ్డీని బిళ్లలుగా కోసి, నున్నగా తీసి, ఒక్కో బిళ్ల మీద ఎల్‌ఈడీని టంకంతో అతికిస్తాడు. బిళ్లను గొట్టంలోకి బిగుతుగా దిగగొడతాడు. ఎల్‌ఈడీ వేడి రాగిలోకి, రాగి నుంచి గొట్టంలోకి, గొట్టం నుంచి పట్టుకున్న చేతిలోకి పోతుంది. చెయ్యి కాలుతోందంటే లోపల లైటు క్షేమంగా ఉన్నట్టు.

కొనేవాళ్లలో ఎక్కువమంది సముద్రం మీద చేపల వేటకు వెళ్లేవాళ్లు. కిందటేడు వాళ్లలో దొరబాబు అనే అతను తన టార్చిని వెనక్కి తెచ్చాడు.

"ఏటి బావా, ఇది టార్చా, ఇస్త్రీ పెట్టా? సేతులు బొబ్బలెక్కిపోతన్నాయి."

"గుడ్డ సుట్టుకుని పట్టుకో."

"గుడ్డలు సుట్టుకోడానికైతే బజార్లో కొనుక్కుందును కదా. నీకాడికెందుకు రావడం?"

జాక్సన్‌కు ఆ మాట తగిలింది. రాగి బిళ్ల అంచు కొంచెం తగ్గించి, చుట్టూ ఫైబర్ రింగు వేశాడు. వేడి గొట్టానికి చేరదు. వాళ్లు వెలిగించేది ఎప్పుడైనా రెండు మూడు నిమిషాలే అని లెక్క వేసుకున్నాడు. ఐదు నిమిషాలు వెలిగించి చూశాడు. గొట్టం చల్లగా ఉంది. మర్నాడు దొరబాబు ఒక వంజరం చేప పంపాడు.

ఈ ఏడు నవంబరులో దొరబాబు బోటు తిరగబడి కనిపించింది. మనిషి దొరకలేదు. టార్చి తాడుతో చెక్కకు కట్టి ఉంది. రెండు వారాలకు అతని భార్య ఈశ్వరి దాన్ని జాక్సన్ ఇంటికి తెచ్చింది.

"ఇప్పి సూడన్నా. ఆయన ఆర్పీసినాడా, దానంతట అదే ఆరిపోనాదా? నాకదొక్కటే తెలవాల."

ఆమె అడగడానికి కారణం ఉంది. సముద్రం మీద ఇంజను ఆగిన బోటువాడు టార్చి ఊపుతాడు. పక్క బోటు వచ్చేదాకా వెలుగుతూనే ఉంచాలి. మధ్యలో ఆర్పితే, ఇంజను అందుకుంది, మీరు పోవచ్చు అని. దొరబాబు వాళ్ల జాలర్ల పేటలో అందరూ పాటించేది ఇదే. బోటు తిరగబడిన వేకువన దొరబాబు అన్న పోలిరాజు లైటు చూసి తన బోటు అటు తిప్పాడు. సగం దూరం వెళ్లకముందే లైటు ఆరింది. అతను ఒడ్డుకు మళ్లాడు. అంతకు ముందురోజు అన్నదమ్ములు వల దగ్గర గొడవపడ్డారు. అన్న సాయం అక్కర్లేదని దొరబాబే పంతానికి ఆర్పేసుకున్నాడని పేట అంటోంది.

"ఇద్దరు పిల్లల్ని ఎట్టుకుని పంతానికి సచ్చిపోయే మనిసా అన్నా?" అంది ఈశ్వరి.

జాక్సన్ చూసి చెబుతానన్నాడు. ఆమె వెళ్లాక బ్యాటరీ తీసి మీటరు పెట్టాడు. సగానికి పైగా చార్జి ఉంది. బ్యాటరీని సొరుగులో వేశాడు. ముందు భాగం విప్పలేదు.

రెండో రోజు భార్య గ్రేసీ బల్ల సర్దుతూ అడిగింది. "దీన్నేటి ఎండలో ఎట్టినావా? ఏడిగా ఉంది."

అతను ఎండలో పెట్టలేదు. పట్టుకుని చూశాడు. వెచ్చగా ఉంది. పక్కనున్న మరో టార్చిని పట్టుకున్నాడు. అది చల్లగా ఉంది. సొరుగు తెరిచాడు. బ్యాటరీ అందులోనే ఉంది.

మూడో రోజు మధ్యాహ్నం మళ్లీ పట్టుకున్నాడు. చెయ్యి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. వేళ్ల మీద ఎర్రగా కమిలింది. అప్పుడు గుడ్డతో పట్టుకుని విప్పాడు.

బిగిస్తే లైటు వెలిగే మర చివరిదాకా బిగించే ఉంది. లోపల నీటి చుక్క లేదు. ఎల్‌ఈడీ మీది పసుపు చుక్క నల్లగా మాడిపోయింది. ఫైబర్ రింగు గోధుమరంగుకు తిరిగింది.

"తెలీలేదని సెప్పీ," అంది గ్రేసీ. "పేటోళ్లు నిన్ను బతకనిత్తారా?"

శనివారం పొద్దున జాక్సన్ పేటకు వెళ్లాడు. పోలిరాజు ఇసుకలో కూర్చుని వల కుడుతున్నాడు. ఈశ్వరి ఇంట్లోంచి వచ్చి నిలబడింది. జాక్సన్ విప్పిన టార్చిని ఇద్దరి ముందూ పెట్టాడు.

"దొరబాబు ఆర్పలేదమ్మా. మర బిగించే ఉంది. మాడిపోయి ఆరింది. నానేసిన రింగు వల్ల మాడింది. తప్పు నాది."

"ఆర్పలేదు," అంది ఈశ్వరి. పోలిరాజు వైపు తిరిగి మళ్లీ అంది. "ఆర్పలేదు బావా."

పోలిరాజు విప్పిన టార్చి వైపు చూశాడు. సూది ఆపాడు.

"మరి నా బోటు మీద లైటు ఎలుగుతానే ఉంది కదా. నాను తిరిగెల్లిపోడం ఆడు సూసుంటాడు."

ఈశ్వరి అడిగింది.

"అప్పుడు ఎంత దూరంలో ఉన్నావు బావా?"

"ఎలుగు కనపడతాది," అన్నాడు పోలిరాజు. "కేకేస్తే ఇనపడదు."