ఆకాశం నుంచి పడ్డదానికి జవాబెవరు?

విజయవాడ పటమటలో ఆదివారం పొద్దున ఏ మేడ ముందు నిలబడినా ఇడ్లీ వాసనతో పాటు పిల్లల చదువుల కబుర్లు వినిపిస్తాయి. "మీవాడు ఏ గ్రూపండీ?" అన్నది ఇక్కడ కుశలప్రశ్న. ఎంపీసీ అంటే మొహాలు విప్పారతాయి. మరో మాట చెబితే "అయ్యో, అలాగా" అని ఓదారుస్తారు. ఇందులో తప్పేముందో మనకు తోచదు. రామకోటేశ్వరరావుకూ తోచలేదు.

ఆయన ఇరవై ఆరేళ్ళుగా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాడు. కూతురు ఉషశ్రీ లెక్కలు వదిలేసి లా చదివింది. ఆ సంగతి నలుగురిలో చెప్పాల్సి వస్తే ఆయన గొంతు కాస్త తగ్గేది. ఇప్పుడా పిల్ల ఇంకో కొత్త పాట ఎత్తుకుంది. అంతరిక్షాన్ని విజ్ఞానం, చట్టం, ప్రభుత్వ విధానం, చరిత్ర అన్నీ కలిపి చదివే కోర్సట. బెంగళూరులో సీటొచ్చింది, చేరతానంది.

"రాకెట్టుని ఎగరేసేది ఫిజిక్సమ్మా, నల్లకోటు కాదు," అన్నాడు పెసరట్టు తుంచుతూ.

"ఎగిరింది కింద పడితేనో, నాన్నా?"

"పడకుండా లెక్కేస్తారులే," అని ఆయన మాట తుంచేశాడు. భార్య సీతారావమ్మ ఇద్దరి మొహాలూ చూసి చట్నీ వడ్డించింది.

మూడు రోజులు తిరక్కుండా సీతారావమ్మ అన్న వెంకటప్పయ్య పామర్రు దగ్గర పల్లె నుంచి ఫోన్ చేశాడు. "బావగారూ, మా చేలో ఆకాశం నుంచి ఏదో పడింది. మీరొకసారి వచ్చి చూడాలి."

తండ్రీకూతుళ్ళు కారులో వెళ్ళేసరికి గట్టు నిండా జనం. అప్పుడే నాటు పడుతున్న మడి అంచున, పెద్ద గంగాళమంత నల్లటి గోళం బురదలో సగం కూరుకుని ఉంది. ఎవరో దాని మీద పసుపు కుంకుమ చల్లారు. పాత ఇనుము కొనేవాడొకడు దూరం నుంచే దాని బరువు అంచనా కడుతున్నాడు. పొలంలో పనిచేసే సొలొమోను అంతకు ముందురోజు దాన్ని మొదట చూసి, నాటుకి అడ్డమని రెండు చేతులా పక్కకు నెట్టాడు. సాయంత్రానికి అరచేతులు ఎర్రగా పొక్కాయి. అది చూసి కూలీలు ఆ మడిలోకి దిగేది లేదన్నారు. సొలొమోను పక్కన కూర్చోడానికి కూడా జంకుతున్నారు.

"పైన తిరిగేది ఊరికే ఎందుకు పడిందండీ?" అని అడిగారెవరో. రామకోటేశ్వరరావుకి ప్రాణం లేచొచ్చింది. పుల్లతో బురదలో భూమిని గీశాడు, చుట్టూ కక్ష్య గీశాడు, ఆ ఎత్తున కూడా పలచటి గాలి ఉంటుందనీ, అది రాసుకుని రాసుకుని వేగం తగ్గుతుందనీ చెప్పాడు. జనం ఆసక్తిగా విన్నారు. "ఇది రాకెట్టు ఇంధనపు ట్యాంకు కావచ్చు. హైడ్రజీన్ మిగిలి ఉంటే విషం. దూరంగా జరగండి," అన్నాడు. ఒక్కరూ కదల్లేదు.

ఉషశ్రీ ముందుకొచ్చింది. "పురుగుమందు డబ్బా ఖాళీ అయినా దాంతో నీళ్ళు తాగుతామా అండీ? ఇదీ అంతే." గట్టు మీద జనం పది అడుగులు వెనక్కి జరిగారు.

అప్పుడు సొలొమోను భార్య అమలమ్మ రామకోటేశ్వరరావు ఎదురుగా వచ్చి నిలబడింది. "అయ్యగారూ, అది ఎట్టా పడిందో చెప్పారు, బాగానే ఉంది. మా ఆయన చేతులకి జవాబెవరు?"

ఆయన తాను గీసిన గీతల వంక చూశాడు. అందులో ఆ జవాబు లేదు. కూతురి వైపు తిరిగాడు. "దీనికేమన్నా చట్టం ఉందామ్మా?"

"ఉంది నాన్నా. యాభై ఏళ్ళ కిందటే చాలా దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. పైనుంచి పడింది భూమ్మీద మనిషికో ఆస్తికో హాని చేస్తే, పంపిన దేశమే పూచీ పడాలి. వాళ్ళ నిర్లక్ష్యం ఉందని మనం రుజువు చెయ్యక్కర్లేదు, హాని దీనివల్లే జరిగిందని చూపిస్తే చాలు. మన తరఫున మన ప్రభుత్వం అడగాలి. దీన్ని మాత్రం అమ్మకూడదు, ఆ దేశం అడిగితే తిరిగివ్వాలి."

"ఏ దేశానిదో తెలిసేదెట్టాగే?" అన్నాడు వెంకటప్పయ్య.

"దీని మీద నంబర్లుంటాయి మామయ్యా. అవి చెరిగిపోతే, ఆ వేళకి ఈ దారిన ఏది పోయిందో నాన్నలాంటివాళ్ళు లెక్క కట్టి చెబుతారు."

ఇంతలో వీఆర్వో, కానిస్టేబులూ వచ్చారు. వీఆర్వో పంచనామాలో 'నల్లని గోళాకార వస్తువు ఒకటి' అని రాసి కలం మూయబోయాడు.

"సొలొమోనుగారి పేరు, ఆయన చేతుల సంగతీ రాయండి సార్," అంది ఉషశ్రీ.

"వస్తువు గురించే రాయమన్నారమ్మా."

"మనిషి గురించి రాయకపోతే రేపు అడగడానికి ఆధారమేదండీ?"

వీఆర్వో నసుగుతుంటే రామకోటేశ్వరరావు కల్పించుకున్నాడు. "రాయండి. సాక్షి సంతకం నేను పెడతాను." అమలమ్మ భర్త పేరు సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు చదివించుకుంది. ఆ తర్వాత సొలొమోనుని కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళి చూపించారు.

తిరుగుదారిలో ఆయన ప్రశ్నలకు అంతులేదు. "చంద్రుడి మీద నీళ్ళు దొరికితే ఎవరివి?"

"చంద్రుణ్ణి ఏ దేశమూ సొంతం చేసుకోకూడదు. తవ్వి తీసుకున్న నీళ్ళు ఎవరివన్నదే ఇంకా తేలని తగువు."

"అంటే మన కాలవ మీద ఎగువ రైతుకీ దిగువ రైతుకీ పేచీ లాంటిదేనా?"

"దాదాపు అంతే నాన్నా. కాలవల కింద ఇన్నేళ్ళుగా ఎలా సర్దుకున్నారో తెలిసినవాళ్ళు కూడా అక్కడ మాట్లాడాలి." కంకిపాడు ఎప్పుడు దాటారో ఆయనకు తెలియలేదు.

శాస్త్రవేత్తలు వచ్చి గోళాన్ని తీసుకెళ్ళారు. మడిలో నీళ్ళూ మట్టీ పరీక్ష చేసి వాటిలో విషం చేరలేదన్నారు. ఆ మాట ఉషశ్రీ తేలిక తెలుగులో కాగితం మీద రాసి పంపితే, వెంకటప్పయ్య ఊరందరికీ చదివి వినిపించాడు. మర్నాడే నాట్లు సాగాయి. సొలొమోను చేతులు మానడానికి నెల పట్టింది. గోళం ఏ దేశానిదో తేలింది, ఢిల్లీ నుంచి ఆ దేశానికి ఉత్తరం వెళ్ళింది. జవాబింకా రాలేదు. అలాంటి కాగితాలు నెమ్మదిగా కదులుతాయి. కానీ ఈ కాగితంలో సొలొమోను పేరుంది.

ఉషశ్రీ బెంగళూరులో చేరింది. ఆ వారమే తండ్రి పాఠాలు చెప్పే కాలేజీలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. రామకోటేశ్వరరావు మైకు అందుకుని, ర్యాంకుల మాట పక్కనపెట్టి, అమలమ్మ ప్రశ్న చెప్పాడు.

"ఇరవై ఆరేళ్ళుగా పైకి ఎలా వెళ్ళాలో నేర్పాను. పైకి పంపింది ఎవరి చేలో పడుతుందో అడగడం నేర్పలేదు. ఆ అడగడం మా అమ్మాయికి వచ్చు, నాకు రాదు. అందుకే చెబుతున్నానండీ, మీ పిల్లలు లెక్కలు చదివినా, చట్టం చదివినా, చరిత్రో తెలుగో చదివినా తక్కువ చెయ్యకండి. ఆకాశం అందరి నెత్తిమీదా ఉంది. దాన్ని అర్థం చేసుకోవడానికి ఏ ఒక్క చదువూ చాలదు, ఏ చదువూ వృథా కాదు."