వలలో పడిన చొక్కా

సాయంత్రం నాలుగున్నరకి రొయ్యల షెడ్డు మూసేస్తారు. నాలుగూ ముప్పావుకల్లా గవ్వలదిబ్బ ఆడపిల్లలు ఆరుగురూ తుపాను షెల్టరు పక్కనున్న ఖాళీ స్థలంలో ఉంటారు. మధ్యలో ఆ పావుగంటా నిమ్మచెక్కతో చేతులు రుద్దుకోవడానికి. ఎంత రుద్దినా రొయ్యల వాసన పోదు. వాళ్ళ బంతికి కూడా అదే వాసన. పూర్ణచంద్రరావు మాస్టారు మొదట్లో బంతిని ఒంటికి దూరంగా పట్టుకునేవారు, తర్వాత అలవాటు పడిపోయారు.

మాస్టారు ముప్పై ఏళ్ళు బడిలో డ్రిల్లు చెప్పి రిటైరయ్యారు. ఇంట్లో కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తున్నాయని భార్యకి చెప్పి, రోజూ చల్లపల్లిలో బస్సెక్కి, అవనిగడ్డలో దిగి, అక్కణ్ణించి ఆటోలో దివిసీమ కొసదాకా వస్తారు. ఆ ఆటోలో కూర్చుంటే మోకాళ్ళు ఎలా బాగుపడతాయో ఆవిడ అడగలేదు. అసలు సంగతి వేరే ఉంది. ఒకసారి ఎవరిదో పెళ్ళికి ఈ ఊరొచ్చినప్పుడు, పడవలోంచి ఒడ్డుకి చేపల గంపలు చేతుల మీదుగా అందిస్తున్న ఆడపిల్లల్ని చూశారాయన. వాళ్ళలో భార్గవి అనే పిల్ల గంపని పట్టుకోవడం లేదు. వేళ్ళ కొసలతో పైకి లేపి పక్కవాళ్ళకి పంపిస్తోంది. ఒక్క చేప కింద పడలేదు. మాస్టారు భోజనం కూడా చెయ్యకుండా వెళ్ళి ఆ పిల్లతో మాట్లాడారు.

వాలీబాల్ క్లబ్బు అలా మొదలైంది. సరుగుడు తోట నుంచి రెండు బాదులు తెచ్చి పాతారు. గవ్వల సున్నంతో గీతలు గీశారు. బంతి మాస్టారిదే. ఇక వల బందరులో కొందామని మాస్టారు అనేసరికి భార్గవి తండ్రి సత్తయ్యకి రోషం వచ్చింది.

"మా ఊరికి బందరు నుంచి వల తెస్తారాండీ? ఎవరన్నా వింటే నవ్విపోతారు. కొలతలు చెప్పండి, నేనల్లుతాను," అన్నాడు.

పొడవెంత, వెడల్పెంత, కన్నెంత అని అడిగి, తు.చ. తప్పకుండా వారం రోజుల్లో అల్లాడు. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ నలభై ఏళ్ళుగా కొత్త వల అల్లిన ప్రతిసారీ ఏం చేస్తున్నాడో అప్పుడూ అదే చేశాడు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, సముద్రంలో మూడుసార్లు ముంచి, "గంగమ్మ తల్లీ, ఈ వల ఖాళీగా ఉండకుండా చూడు" అని దణ్ణం పెట్టుకున్నాడు. అది ఆటకి అల్లిన వలన్న సంగతి ఆ నిమిషంలో అతనికి గుర్తులేదు. వలకి ఎవరూ చెప్పలేదు.

మూడోరోజు సాయంత్రం, పోటు వేళకి, సముద్రానికి మైలున్నర దూరంలో ఆ బాదుల మధ్య వేలాడుతున్న వల దానంతటదే తడిసింది. నీళ్ళు బొట్లు బొట్లుగా సున్నపు గీత మీద పడ్డాయి. పైతాడు పక్కన రెండు కానాగంతలు గిలగిలా కొట్టుకుంటున్నాయి. సర్వీసు వెయ్యబోతున్న పూర్ణిమ బంతి కింద పెట్టి వెళ్ళి, చేపల్ని విడిపించి, తట్టలో వేసి వచ్చింది.

"ఎంతయింది స్కోరు?" అని అడిగింది.

"ఏడు, నాలుగు. వెయ్యి," అంది భార్గవి.

ఆ రోజు నుంచి పోటు వచ్చినప్పుడల్లా వలలో ఏదో ఒకటి పడేది. మాస్టారు చేపలు తినరు గనక పంపకాల్లో పేచీ రాలేదు. కొన్నాళ్ళకి చేపలు తగ్గి వేరేవి రావడం మొదలైంది. ఒక రబ్బరు చెప్పు. ట్రంకుపెట్టె తాళంచెవి. పసిపిల్లల కాలి గజ్జె. వాటిని షెల్టరు అరుగు మీద వరసగా పెట్టేవాళ్ళు. ఎవరివి వాళ్ళు గుర్తుపట్టి తీసుకెళ్ళేవారు. ఒకసారి పలక పడింది. దాని మీద బలపంతో రాసిన అ, ఆ ఇంకా చెరగలేదు. ఉప్పెనలో ఇల్లూ పిల్లలూ కొట్టుకుపోయిన అచ్చమ్మ ఆ పలకని చాలాసేపు చూసి, "ఇ దగ్గర ఆగాడు మా చిన్నోడు," అని ఒళ్ళో పెట్టుకుని ఇంటికి పోయింది. మర్నాటి నుంచి రోజూ వచ్చి గీత పక్కన కూర్చునేది. ఆట చూసేది కాదు, వలనే చూసేది.

ఆట మాత్రం బాగుపడింది. తడివల తగిలిన బంతి బరువెక్కుతుంది, జారుతుంది. ఆ బంతితోనే నేర్చుకున్న పిల్లల వేళ్ళు రాటుదేలాయి. భార్గవి బంతి లేపితే, ఎక్కడ ఆగాలో దానికి ముందే చెప్పి పంపినట్టు ఆగేది. రెండో వేసవికి మాస్టారికి ధైర్యం వచ్చింది. గుడివాడలో టోర్నమెంటు ఉంది. అక్కడ ఒక్క మ్యాచి గెలిచినా క్లబ్బు పేరు జిల్లా జాబితాలోకి ఎక్కుతుంది. లేకపోతే ఈ ఆరుగురూ ఇలా సాయంత్రాలు ఆడుకుని, ఒకరి తర్వాత ఒకరు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోతారు. ఇద్దరికి సంబంధాలు చూస్తున్నారు కూడా.

టోర్నమెంటు జూన్ పదిహేను. వేట నిషేధం అయిపోయి పడవలు మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళేదీ ఆ రోజే.

"కుదరదు. నేను పడవ మీదుంటాను. నేను లేకుండా నువ్వు ఊరు దాటతావా?" అన్నాడు సత్తయ్య.

"మాస్టారుంటారు కదా నాన్నా."

"మాస్టారు నీకు నాన్నా?"

భార్గవి తల్లి రాఘవమ్మ వైపు చూసింది. రాఘవమ్మ పొయ్యి వైపు చూసింది. ఆ ఇంట్లో సత్తయ్య కాదంటే కాదనే. ఊళ్ళో కూడా మొండితనానికి అతని పేరే చెబుతారు.

పదమూడో తారీకు సాయంత్రం వలలో చొక్కా పడింది.

గళ్ళచొక్కా. నీళ్ళు కారుతూ, చేతులు రెండూ చాచి, ఎవరో తొడుక్కుని వేలాడుతున్నట్టు వలకి అతుక్కుని ఉంది. భార్గవి విడిపించింది. పైనుంచి మూడో గుండీ వేరే రకానిది, వల అల్లే నీలం దారంతో కుట్టి ఉంది. ఆ గుండీ సత్తయ్యే కుట్టుకున్నాడు. ఆమె తల తిప్పి చూసింది. సత్తయ్య కోర్టు పక్కన బీడీ కాల్చుకుంటూ నిలబడి ఉన్నాడు. అదే చొక్కా వేసుకుని ఉన్నాడు. అదే నీలం దారం. పొడిగా ఉంది.

ఇన్నాళ్ళూ సముద్రం తీసుకున్నవే వలలో పడ్డాయి. ఇది ఇంకా తీసుకోనిది. అచ్చమ్మ లేచి, చీర కొంగు దులుపుకుని, సత్తయ్య దగ్గరికి వెళ్ళి అతని చేతిని ఒకసారి తాకి చూసి వెళ్ళిపోయింది.

భార్గవి ఆ చొక్కాని మడిచి చంకలో పెట్టుకుంది. గుడివాడ సంగతి మరిచిపోయింది. ఆ రాత్రి రాఘవమ్మ ఏడ్చింది, బతిమాలింది. సత్తయ్య వినలేదు.

"పున్నయ్యకి మాటిచ్చాను. మొదటిరోజు మానేస్తే ఆ చోటులో ఇంకొకణ్ణి కూర్చోబెడతారు. చొక్కా చూసి ఒడ్డున కూర్చున్నాడంటే రేపు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

భయం అతనికీ ఉంది. అన్నం కలిపి తినకుండా చెయ్యి కడుక్కున్నాడు. కానీ ఆ భయాన్ని ఒప్పుకోవడం అతనికి చేతకాదు.

తెల్లారి భార్గవి తడిచొక్కాని చేతిలో పట్టుకుని పున్నయ్య పడవ దగ్గరికి వెళ్ళింది. సత్తయ్య అక్కడే ఇంజనుకి నూనె రాస్తున్నాడు. పున్నయ్య పడవ యజమాని, సత్తయ్యకి వరసకి బావమరిది.

"మావయ్యా, ఒక మాట అడగాలి. పదేళ్ళ కిందట నీ గాలానికి తగులుకున్న పండుగప్ప తాడు తెంపుకుని మా నాన్న వలలో పడింది. గుర్తుందా?"

పున్నయ్యకి గుర్తులేకపోవడమేంటి. ఇప్పటికీ తల్చుకుంటే నిద్రపట్టదు. "నా గాలం దాని నోట్లోనే ఉందమ్మా. అయినా వలలో పడ్డది వల వాళ్ళదేనని మీ నాన్న నలుగురిలో వాదించి పట్టుకుపోయాడు. మన కట్టుబాటు అదేనని పెద్దలూ తలూపారు."

"మరి ఈ చొక్కా మా వలలో పడింది. వల మా క్లబ్బుది. కాబట్టి చొక్కా మాది."

"అవును."

"చొక్కాలోని మనిషీ మావాడే. రేపు వల గుడివాడ వెళ్తోంది."

సత్తయ్య నూనెగుడ్డ కింద పెట్టాడు. పదేళ్ళుగా రచ్చబండ మీదా, టీ కొట్టు దగ్గరా తను చెప్పిన మాటలే అవి. కాదంటే పండుగప్ప వెనక్కివ్వాలి. అది ఎప్పుడో పులుసైపోయింది.

పున్నయ్య మొహంలో పదేళ్ళ తర్వాత మొదటిసారి వెలుగు కనిపించింది. "కట్టుబాటు కట్టుబాటే బావా. రేపు నువ్వు నా పడవెక్కితే నేను కర్ర తీసుకుంటాను," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "వెళ్ళు బావా. నీ చోటులో ఎవర్నీ కూర్చోబెట్టనులే," అన్నాడు.

పదిహేనో తారీకు పొద్దున్నే పడవలు సముద్రంలోకి వెళ్ళాయి, ఆరుగురు పిల్లలూ మాస్టారూ సత్తయ్యా బస్సెక్కారు. సత్తయ్య ఒళ్ళో మూటకట్టిన వల, వల మధ్యలో ఆ చొక్కా. రెండు రోజులైనా అది ఆరలేదు. దారి పొడుగునా అతను ఒంటి మీది చొక్కా భుజాల దగ్గర బిగుతుగా ఉన్నట్టు మాటిమాటికీ సర్దుకున్నాడు.

గుడివాడలో బంతి పొడిగా ఉంది. అదొక్కటే చిక్కు. అలవాటైన బరువు లేక, లేపిన బంతల్లా ఆకాశంలోకి పోయింది. మొదటి సెట్టు ఘోరంగా ఓడిపోయారు. రెండోది కిందామీదా పడి గెలిచారు. మూడో సెట్టు పదిహేనుకే. పదకొండున్నరకి పదమూడు పదమూడు దగ్గర ఆగింది.

సర్వీసు భార్గవిది. బంతి పట్టుకుని గీత వెనక్కి వెళ్ళి, అలవాటుగా తండ్రి వైపు చూసింది. సత్తయ్య బెంచీ మీద లేడు. మూటని రెండు చేతులా గుండెకి హత్తుకుని, మడమలు మట్టిలో తన్నిపెట్టి, అయినా ఒక్కో అడుగే గేటు వైపు జారుతున్నాడు. సముద్రం ఉన్న దిక్కది. మూటలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. అతను కేకపెట్టడం లేదు. ఆట ఆగిపోతుందని కాబోలు, పళ్ళు బిగబట్టుకుని జారుతున్నాడు.

"టైమౌట్ అడగండి మాస్టారూ," అంది భార్గవి.

మాస్టారు చేతులతో సైగ చేశారు. విజిల్ మోగింది. ఆరుగురూ పరుగెత్తారు.

"ముప్పై సెకన్లేనమ్మా," అన్నాడు రిఫరీ వెనకనుంచి, వాచీ చూసుకుంటూ.

పూర్ణిమ సత్తయ్య నడుం పట్టుకుంది. మిగతావాళ్ళు వల కొసతాడు దొరకబుచ్చుకున్నారు. ఒడ్డున నిలబడి పెద్దవల లాగినట్టు వెనక్కి వాలి, ఊపిరి కలిపి లాగారు. అవతల దేన్ని లాగుతున్నారో తెలియదు గానీ దానికి మనిషి బరువుంది. తాడు అరచేతుల్ని కోసింది. ఉప్పునీళ్ళు మొహాల మీద చిమ్మాయి. భార్గవికి చెవి దగ్గర తండ్రి గొంతు వినిపించింది. "వదిలేయమ్మా. ఆట పోతుంది," అంటున్నాడు. ఆ పిల్ల వదల్లేదు. అవతల టీమ్ కెప్టెన్ మనోజ్ఞ అనే అమ్మాయి నీళ్ళ సీసా పక్కన పెట్టి, వచ్చి, తాడు చివర తనూ ఒక చెయ్యి వేసింది.

ఉన్నట్టుండి తాడు తేలికైపోయింది. ఏడుగురూ వెనక్కి పడ్డారు. విజిల్ మోగింది.

భార్గవి లేచి, తడిచేతులతోనే బంతి తీసుకుంది. బంతి తడిసింది, జారింది, ఊళ్ళో ఉన్నంత బరువెక్కింది. ఆ పిల్ల రెండు సర్వీసులూ అవతల ఎవరి చేతుల్లోనూ నిలవలేదు. పదిహేను పదమూడు. తర్వాతి మ్యాచిలో చిత్తుగా ఓడిపోయారు, అది వేరే సంగతి. క్లబ్బు పేరు జాబితాలోకి ఎక్కింది.

పొద్దుగూకే వేళకి ఊళ్ళో దిగితే పున్నయ్య పడవ అప్పటికే ఒడ్డునుంది. చేపలు దింపలేదు. మనుషులు ఇసకలో కూర్చుని ఉన్నారు. పున్నయ్య లేచి వచ్చి సత్తయ్య మొహం చూశాడు, తర్వాత పాదాలు చూశాడు.

"పొద్దున మాతో వచ్చావు బావా," అన్నాడు.

"నేను గుడివాడలో ఉన్నాను."

"తెలుసు. అయినా వచ్చావు. ఒడ్డు దాటాక చూస్తే వెనక నీ చోటులో కూర్చున్నావు. ఒంటి మీద చొక్కా లేదు. పలకరిస్తే పలకలేదు. మేమూ ఊరుకున్నాం. అన్నం పెడితే తినలేదు."

"తర్వాత?"

"పదకొండున్నరప్పుడు లేచి నిలబడ్డావు. ఒడ్డు వైపు చూశావు. ఎవరో పిలుస్తుంటే వెళ్ళాలా వద్దా అన్నట్టు చాలాసేపు చూశావు." పున్నయ్య సముద్రం వైపు చెయ్యి చూపించాడు. "నీళ్ళలోకి దిగిపోయావు బావా. చప్పుడు కూడా కాలేదు."

భార్గవి ఇసకలో మూట విప్పింది. వల పొడిగా ఉంది. లోపల చొక్కా లేదు.

సత్తయ్య ఆ తర్వాత వేటకి వెళ్ళలేదు. వెళ్ళమని ఎవరూ అనలేదు, తనూ అడగలేదు. క్లబ్బుకి ఇప్పుడు అతనే వల మనిషి. కడతాడు, విప్పుతాడు, చిరిగితే కుడతాడు. వలలో ఇప్పుడేమీ పడడం లేదు. అచ్చమ్మ మాత్రం ఇంకా వచ్చి కూర్చుంటుంది. పోటు వేళకి సత్తయ్య చొక్కా ఒంటి మీదే తడిసిపోతుంది. అది గళ్ళచొక్కా అయినా, కొత్తదైనా అంతే. విప్పి, పిండి, మళ్ళీ తొడుక్కుంటాడు. రాఘవమ్మ దండెం మీద అతని బట్టలు ఆరెయ్యడం మానేసింది.

ఈ ఏడు బందరులో జిల్లా పోటీలు. కోర్టులో సముద్రపు గాలి తగులుతూనే ఉంది. మ్యాచి మొదలవబోతుండగా భార్గవి ఎప్పటిలాగే వల తాడు కొస తెచ్చి తండ్రి నడుం చుట్టూ తిప్పి, రెండో కొస ఇనపస్తంభానికి కట్టింది. అతను నేర్పిన ముడే. రిఫరీ చూసి, చూడనట్టు నాణెం ఎగరెయ్యడానికి వెళ్ళాడు. జన్మలో ఒకరి మాట వినని సత్తయ్య చేతులెత్తి, బుద్ధిగా నిలబడ్డాడు.

"బిగుతుగా ఉందా నాన్నా?"

అతను సముద్రం వైపు చూడలేదు. కూతురి మొహమే చూశాడు.

"ఇంకొంచెం బిగించమ్మా," అన్నాడు.