స్వాముల ఒడి

ఐ.పోలవరం వైపు ఒక ఊళ్లో, కొబ్బరితోటల మధ్య, ఎప్పుడో రాజుల కాలంలో శైవ సన్యాసుల మఠం ఉండేది. రాజులు పోయేక పోషించేవాళ్లు లేక అదీ కూలిపోయింది. మిగిలింది పెద్దపెద్ద ఇటుకలు తేలిన మట్టిదిబ్బ, దాని అడుగున కూర్చోబెట్టి పూడ్చిన స్వాముల సమాధులు. పళ్లు రాకుండానే పోయిన బిడ్డల్ని ఊరివాళ్లు ఆ దిబ్బలోనే పెట్టేవారు. స్వాములు ఒళ్లో పెట్టుకుంటారని తల్లుల నమ్మకం.

వీరలక్ష్మి పోగొట్టుకున్న బిడ్డ కూడా అక్కడే ఉండేది, ఊరి ఆసామి భాస్కరరావుగారు రొయ్యల చెరువు కోసం దిబ్బని పొక్లెయిన్‌తో తవ్వించేదాకా. కాళ్లమీద పడి ఏడిస్తే ఆయన నవ్వేరు. "పాత ఇటుకలకి ఏడుస్తావేంటే? స్వాములు లోతుగా ఉంటారు, వాళ్లకేం కాదులే."

ఇటుకలు చెరువుగట్టుకి పోయేయి. మట్టి ఎటు పోయిందో ఎవరికీ తెలీదు. వీరలక్ష్మి పెరట్లోకి వచ్చిన దిబ్బ కొస ఒక్కటే మిగిలింది. దాని చుట్టూ ముళ్లకంచె కట్టుకుంది.

ఇన్నేళ్లకి ఆ కంచె దగ్గరికి భాస్కరరావుగారు వచ్చేరు. చేతుల్లో తెల్లగుడ్డ మూట. వెనక కూతురు సత్యవేణి, పచ్చి బాలింత, కొబ్బరిచెట్టు పట్టుకుని నిలబడింది.

"వీరలక్ష్మిగారూ, మనవడండీ. పురిట్లోనే పోయేడు. కాస్త చోటు..."

"ఆయ్! గారు కూడా వచ్చిందే నోటికి. మీ చెరువులో చోటు లేదాండీ?"

ఆయన తలెత్తలేదు. "అమ్మాయి స్వాముల దగ్గరే కావాలంటోందండీ."

ఈ రోజు కోసమే వీరలక్ష్మి బతికింది. పొమ్మందామని నోరు తెరిచింది. సత్యవేణి జాకెట్టు పాలతో తడిసి ఉంది. అది చూసి మాట మింగింది. కోపం మింగలేదు.

"బిడ్డని ఇలా ఇవ్వండి. అమ్మాయి నాతో వస్తుంది. మీరు రావద్దు."

"ఆడవాళ్లు పూడ్చకూడదు కదండీ. నా చేత్తో మట్టి వెయ్యనివ్వండి."

"మీ చేత్తో తీసిన మట్టి చాలండి."

సత్యవేణిని తీసుకుని కంచె లోపలికి వెళ్లి తడిక గడియ పెట్టింది. పలుగు తనే పట్టింది. సత్యవేణి చేత పిడికెడు మట్టి వేయించి, చదును చేసి, పైన ఎండుటాకులు కప్పింది.

"నువ్వు ఎప్పుడైనా రామ్మా. ఆయనకి మాత్రం చోటు చెప్పకు. ఒట్టెయ్యి."

సత్యవేణి ఆవిడ చేతిలో చెయ్యి వేసింది.

బయటికి వచ్చేసరికి ఆయన కంచె సందుల్లోంచి తొంగిచూస్తున్నారు.

"ఏ మూలండీ? దణ్ణం పెట్టుకుంటాను."

"నా బిడ్డ ఏ మూలుందో చెప్పండి, చెబుతాను."

ఆయన కూతురి వంక చూసేరు. సత్యవేణి కొంగు తలమీదికి లాక్కుని, వీరలక్ష్మి వెనకే స్నానానికి కాలవకేసి నడిచింది.