చెంచమ్మ హస్తవాసి

మైపాడు పక్క మా ఊళ్లో ఏ నాట్లయినా మొదటి నారు నా చేతనే పెట్టిస్తారు. చెంచమ్మ హస్తవాసి అంటే అంత గురి. పాతికేళ్లుగా నాకున్న ఆస్తి అదొక్కటే. దానికి ఎసరు పెట్టింది మా మరిది పెళ్లాం వినీల.

కావలి టౌన్లో పెరిగిన పిల్ల. కాలికి బురద అంటితే కొళాయి వెతుక్కునే రకం. ఉప్పు నేలలోనూ పెరుగుతుందని పోయినేడు బర్రెల కోసం మేత బీట్ నారు తెప్పించింది. బీట్‌రూట్ లాంటి గడ్డే, ఇంకా పెద్దది. నాకూ సగం నారు ఇచ్చింది. ఇచ్చి ఊరుకుందా, లేదు. పుల్లతో గుంత పొడిచి, ఒక్కో మొక్కనూ సూదిలోకి దారం ఎక్కించినట్టు దించుతూ, నన్నూ అలాగే పెట్టమంది. వేరు వంగితే గడ్డ ఊరదట. నాట్లు నాకు నేర్పుతుందట! ఒళ్లు మండిపోయింది. మడిలో నీళ్లు పెట్టించి, దమ్ము చేయించి, వరి నారులాగే బొటనవేలితో గుచ్చుకుంటూ పోయాను. ఆమె నాలుగు సాళ్లు దాటేలోపు నా మడి మొత్తం అయిపోయింది. గట్టు మీద కూర్చుని ఆమెను చూసి కడుపారా నవ్వుకున్నాను.

నాలుగు నెలలకు ఆమె గడ్డలు చెంబులంత లావున నేల పైకి లేచాయి. ఊరంతా చూడటానికి పోయింది. మా నాట్ల ముఠాలోని పుష్పకుమారి అయితే ఒకదాన్ని చంకనెత్తుకుని ఫొటో కూడా దిగింది. నేను తలనొప్పని చెప్పి ఇంట్లోనే ఉన్నాను. వినీల బర్రె పూటకు లీటరు పాలు ఎక్కువ ఇస్తోందని విన్న రోజు నాకు అన్నం సహించలేదు.

ఇక నావి చూడాలి. ఒకదాన్ని పీకితే మూడు కాళ్లు, ఇంకోదానికి అయిదు. కింద వేర్లు మడత పడి ముడేసుకున్నాయి. ఎవరి కంటా పడకముందే అన్నీ పీకి బర్రెకు వేస్తుంటే పాక దగ్గరకు వినీల వచ్చింది. చూసింది. కింద దొర్లిన ఒక గడ్డను తనూ బర్రెకు అందించి వెళ్లిపోయింది. పోనీ ఎగతాళి చేసినా నాలుగు తిట్టి కచ్చ తీర్చుకునేదాన్ని. ఊళ్లో చెప్పేస్తుందని వారం రోజులు చెవులు రిక్కించుకుని తిరిగాను. ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడు ఆడవాళ్లం పన్నెండు మందిమి కలిసి ఒక చేను కౌలుకు తీసుకుని అదే బీట్ వేస్తున్నాం. నాటే రోజు అందరూ చేరాక, మొదటి నారు వినీల పెడితే బాగుంటుందని పుష్పకుమారి అంది. ఇన్నేళ్ల పేరు ఇవాళ్టితో సరి అనుకున్నాను.

"మా చెంచమ్మక్క ఉండంగా నేను పెట్టేదేంది? ఆ చెయ్యే మంచిది" అని వినీల నారు తెచ్చి నా చేతిలో పెట్టింది.

వంగాను. అలవాటు కొద్దీ బొటనవేలు వేరును మడిచేసింది. వినీల నా పక్కనే గొంతుక్కూర్చుని, మొక్కలు సర్దుతున్నట్టు తల వంచి, నాకొక్కదానికే వినపడేలా అంది.

"వేరు నిలువుగా వదులక్కా. మన్ను నేను పూడుస్తాలే."

వదిలాను. మొక్క నిటారుగా నిలబడింది. చెంచమ్మ చెయ్యి పడింది, ఇంక గడ్డ ఊరినట్టేనని అందరూ మెచ్చుకున్నారు. వినీల కూడా ఔనంది. నా గుట్టంతా ఆమె దగ్గరుంది. చచ్చినా ఎవరికీ చెప్పదు ఆ మహాతల్లి. అదే నేను ఓర్వలేకపోతున్నాను.