మనవాళ్ళు లేని ఊరు

మా తూజ్లా విమానాశ్రయంలో విమానాలు వెళ్ళే ఊళ్ళ పట్టిక చదివితే మా చుట్టాల పేర్లు చదివినట్టే ఉంటుంది. యుద్ధం వచ్చినప్పుడు మా బోస్నియా జనం పిడికెడు గింజలు గాలికి విసిరినట్టు యూరప్ అంతా చెల్లాచెదురయ్యారు. పడినచోట మొలిచారు. మొలిచినందుకు దేవుడికి వెయ్యి దండాలు. నా గొడవల్లా ఒకటే. నాలుగు రోజులు ఒక్కదాన్నే తిరిగి రావడానికి నాకో ఊరు కావాలి, ఆ ఊళ్ళో మనవాళ్ళు ఉండకూడదు.

ఇదేం పొగరు అనుకోకండి. కిందటేడు సంగతి వింటే మీరే జాలిపడతారు. మా మేనల్లుడి దగ్గరికి వియన్నా వెళ్ళాను, విశ్రాంతి కోసం. పెట్టెలో నా బట్టలు అడుగున ఇంత. మిగతాదంతా మా వీధి వీధంతా అక్కడున్న తమవాళ్ళకి పంపిన ఎండుమాంసం, రేగుపండ్ల జామ్, ఎవరి బామ్మో అల్లిన మేజోళ్ళు. అవన్నీ ఇంటింటికీ తిరిగి పంచేసరికి రెండు రోజులు. తర్వాత "అత్త చేతి బురెక్ తినాలి" అంటూ వాడి స్నేహితులు దిగారు. రోజుకి నాలుగు పళ్ళేల బురెక్. పల్చగా సాగదీసిన పిండిలో మాంసం చుట్టీ చుట్టీ నా వేళ్ళు వంకర్లు పోయాయి. రాజుగారి కోటని ట్రాం కిటికీలోంచి చూశాను, ఒళ్ళో ఉల్లిపాయల సంచి పెట్టుకుని. నా ఉద్యోగమేమో శిశుశాలలో వంట. ఇరవై ఆరేళ్ళుగా రోజూ నూట ఎనభై మంది పిల్లలకి వండుతున్నాను. అంటే సెలవు పెట్టి మరీ వెళ్ళి అదే పని చేసొచ్చాను.

అందుకే ఈ ఏడు గట్టిగా అనుకున్నాను. మా ఆయన రాసిం మారు మాట్లాడలేదు. "వెళ్ళిరా. నాకు పావురాలున్నాయిగా," అన్నాడు. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆయన పావురాల మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

అసలు చిక్కు ఊరు ఎంచుకోవడంలో వచ్చింది. మా పై అంతస్తులో ఇఫేతా వదిన ఉంటుంది. వదిన అని పిలుపే గానీ చుట్టరికం లేదు. ఎవరి కొడుకు ఏ ఊళ్ళో ఏ ఫ్యాక్టరీలో ఉన్నాడో, వాడి భార్యకి ఎన్నో నెలో, అన్నీ ఆవిడ నాలుక చివరే ఉంటాయి. ఆవిడకి తెలియకుండా వెళ్ళడం ఎలాగూ కుదరదు. కాబట్టి ఆవిడతోనే వడపోయిద్దామనుకున్నాను. పొద్దున్నే రాగి గిన్నెలో కాఫీ కాచి పిలిచాను.

"ఒక్కదానివేనా?" అంది వదిన, కప్పు పెదాల దాకా తీసుకెళ్ళి ఆపేసి. "రాసింతో గొడవపడ్డావా?"

"లేదు."

"ఒంట్లో బాగోలేదా? డాక్టరేమైనా అన్నాడా? నా దగ్గర దాచకు."

"గుండ్రాయిలా ఉన్నాను వదినా. ఊరికే వెళ్ళాలనుంది. యెటెబొరి అనుకుంటున్నా."

"భేష్! స్వీడన్లో మా హైరా లేదూ? రెండో పడగ్గది ఖాళీయే. ఇప్పుడే ఫోన్ చేస్తా."

"వద్దొద్దు, అక్కడ చలి. బాసెల్?"

"మీ మరిది తోడల్లుడు!"

"బోలోన్యా?"

"మన పళ్ళ డాక్టర్ కూతురు అక్కడే చదువుతోంది. పాపం పిల్ల చిక్కిపోయిందట, నీ చేతి వంట తింటే..."

"డబ్లిన్?"

"ఫహీర్ కొడుకు. లారీ నడుపుతాడు. విమానాశ్రయానికి వాడే వస్తాడు."

నాకు ఒళ్ళు మండింది. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి అనుకుని, భూగోళం చివరికి పోయాను. "రెయిక్యావిక్!"

"అబ్బో, మన సెల్మా మొగుడు చేపల ఫ్యాక్టరీలో లేడూ!" అని తొడ చరిచింది. "ఎక్కడికైనా వెళ్ళవే, నువ్వు ఒంటరిదానివి కావు."

ఆవిడ ప్రేమగానే అంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఏడాదికి నాలుగంటే నాలుగు రోజులు అడిగాను, అదీ ఈ భూమ్మీద లేదు. ఆఖరికి, మా శిశుశాల గోడ మీది పటంలో పిల్లలెవరూ ఎప్పుడూ "మా మామయ్య ఇక్కడే" అని వేలుపెట్టి చూపించని ఊరొకటి గుర్తొచ్చింది.

"విల్నియస్," అన్నాను.

వదిన నోరు తెరిచింది. మూసింది. కప్పులో చూసింది. కప్పులో కూడా ఎవరూ లేరు.

"అది ఏ దేశమే?"

"లిథువేనియా."

"లిథువేనియా..." అని పైకప్పు వంక చూసింది. వేళ్ళు మడుస్తూ ఒక్కో ఇంటినీ లెక్కపెట్టింది. "ఎవరూ తట్టడం లేదే. ఉండు, కనుక్కుని రేపు చెప్తా."

రేపటిదాకా ఆగడానికి నాకేం పిచ్చా? ఆవిడ మెట్లెక్కుతుండగానే నేను మెట్లు దిగాను. వీధి మూలనున్న టిక్కెట్ల ఆఫీసుకి ఇంటి చెప్పులతోనే పరిగెత్తాను.

"అక్కడ మీవాళ్ళెవరైనా ఉన్నారా ఆంటీ?" అంది కౌంటర్లో అమ్మాయి.

"ఎవ్వరూ లేరు."

"మరి ఎందుకు వెళ్తున్నారు?"

"అందుకే తల్లీ," అన్నాను. టిక్కెట్టు చేతిలో పడ్డాక ఆ అమ్మాయి బుగ్గ గిల్లి వచ్చాను.

బయల్దేరే రోజు వదిన అరకిలో కాఫీ పొడి పొట్లంతో దిగింది. పాపం, వారమంతా వెతికినా ఎవరూ దొరకలేదు. ఆ అవమానం ఆవిడ మొహంలో కనపడుతోంది. "ఇది పెట్టెలో కాదు, చేతిసంచిలో పెట్టుకో. మనవాళ్ళు ఎక్కడ తగులుతారో ఎవరికి తెలుసు? తగిలితే ఇవ్వు. తగలకపోతే వెనక్కి తే." తీసుకోక తప్పలేదు.

విల్నియస్‌లో ఏం చూశావని అందరూ అడుగుతారు. పెద్దగా ఏం చూడలేదు. పదింటిదాకా పడుకున్నాను. ఒక హోటల్లో గులాబీ రంగు చల్లటి బీట్‌రూట్ పులుసు పెట్టారు. మా పిల్లలకి ఆ రంగు పులుసు పెడితే గోడలకి పూస్తారు. నేను మాత్రం ఎవరికీ వడ్డించకుండా, లేవకుండా, రెండు గిన్నెలు తాగాను. నది ఒడ్డున బెంచీ మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. నన్ను ఎవరూ అత్తా అనలేదు, ఉప్పు ఎక్కడుందని అడగలేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. రెండో రోజు ఊరికే నాలో నేను నవ్వుకుంటుంటే ఒక ముసలాయన టోపీ ఎత్తి పలకరించాడు.

మూడో రోజు, రాళ్ళు పరిచిన ఎత్తు వీధిలో నా ముందు వెళ్తున్న ఒకావిడ కాలు మడతపడింది. సంచిలోని ఆపిల్ పళ్ళు దొర్లాయి.

"ఈ రాళ్ళు మండా!" అంది. మా భాషలో. స్వచ్ఛమైన మా భాషలో.

నేను నోరు మూసుకుని పక్కకి తప్పుకోవాల్సింది. పాడు నోరు ఊరుకుంటేగా! "అయ్యో, దెబ్బ తగిలిందా అమ్మా?" అనేసింది.

ఇద్దరం కొయ్యబారిపోయాం. ఇక రాబోయేది నాకు తెలుసు: ఏ ఊరు, ఎవరి అమ్మాయివి, ఫలానావాళ్ళు తెలుసా, సాయంత్రం భోజనానికి రండి. నా నాలుగు రోజులూ నా కళ్ళముందే ఆపిల్ పళ్ళతోపాటు దొర్లిపోతున్నాయి. కానీ ఆవిడ కళ్ళలోకి చూస్తే అక్కడ నాకంటే ఎక్కువ భయం ఉంది.

"దయచేసి," అంది మెల్లగా, "మీరు నన్ను చూడలేదు."

"ఎవర్ని?" అన్నాను నేను.

ఆవిడ పక్కున నవ్వింది. నేనూ నవ్వాను. పొట్ట పట్టుకుని, ఆ ఎత్తు వీధిలో గోడకి ఆనుకుని నవ్వాం. పళ్ళు ఏరుకున్నాక గోడ అరుగు మీద కూర్చున్నాం.

"నేనుండే ఊరు పేరు చెప్పను," అంది. "చెబితే అక్కడ మీకు తెలిసినవాళ్ళుంటారు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మా ఇంటికి మనవాళ్ళు వస్తూనే ఉంటారు. కిందటేడు నలభై మూడు మంది. అందరూ ప్రేమగానే వస్తారు, ఎండుమాంసం తెస్తారు. నేను నేల మీద పడుకుంటాను. అందుకే మా ఆయనకి చెప్పి పారిపోయి వచ్చాను."

నాకు వియన్నాలో మేనల్లుడి భార్య గుర్తొచ్చింది. నేను బురెక్ చుడుతుంటే తను రోజూ నా వెనక నిలబడి గిన్నెలు కడిగింది. ఒక్కసారీ ఆ పిల్ల వైపు తిరిగి చూడలేదు. నేను అలిసిపోయానని ఏడాదంతా ఊరంతా చెప్పుకున్నాను. సిగ్గేసింది. ఇంటికి వెళ్ళగానే ఫోన్ చేసి క్షమించమని చెప్పాలనుకున్నాను, తర్వాత చెప్పాను కూడా.

"ఒక్కటే బాధ," అంది ఆవిడ. "కాఫీ. ఇక్కడి కాఫీతో మూడు రోజులుగా తలపోటు. గిన్నె తెచ్చుకున్నాను, పొడి మర్చిపోయాను."

చేతిసంచిలోంచి పొట్లం తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాను. వాసన చూసి కళ్ళు మూసుకుంది. పేరు నేను అడగలేదు, ఆవిడా అడగలేదు. మా దేశపు ఆడవాళ్ళు ఇద్దరు పేర్లు అడగకుండా విడిపోవడం చరిత్రలో అదే మొదటిసారి అయ్యుంటుంది.

ఇంటికొచ్చి పెట్టె దించానో లేదో, వదిన హాజరు.

"మనవాళ్ళెవరైనా తగిలారా?"

"ఎవరూ లేరు."

"మరి కాఫీ ఏదే?"

"తాగేశాను."

"నాలుగు రోజుల్లో అరకిలోనా? గుండె ఇంకా కొట్టుకుంటోందా?" అని నా మొహం పరీక్షగా చూసింది. తర్వాత తలుపు దగ్గరగా వేసి, నా పక్కన కూర్చుంది. గొంతు బాగా తగ్గించింది.

"మెవ్లిదా... ఒక్కదానివే వెళ్తే అంత బాగుంటుందా?"

అందరి ఇళ్ళూ నాలుక మీద మోసే మనిషి ఎప్పుడైనా ఒక్కతే కూర్చుని కాఫీ తాగిందా అని నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "చాలా బాగుంటుంది వదినా."

"అయితే నేనూ వెళ్తా. ఆ విల్నియస్సే చూసిపెట్టు."

"అక్కడికి మాత్రం వద్దు," అన్నాను కంగారుగా. "అక్కడ మనవాళ్ళున్నారు."

ఆవిడ గభాలున ముందుకు వంగింది. "ఎవరు?"

"నేనే. వచ్చే మే నెలలో మళ్ళీ వెళ్తున్నా. రా, నీకు ఇంకో ఊరు వెతుకుదాం," అని ముందు పొయ్యి మీద కాఫీ పెట్టడానికి లేచాను.